మహారాజశ్రీ ఆథరింగ్ సాఫ్ట్‌వేర్ గారికి

మహారాజశ్రీ ఈ-లెర్నింగ్ ఆథరింగ్ సాఫ్ట్‌వేర్ గారికి, హైదరాబాద్ శివార్లలోని ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ ట్రైనింగ్ విభాగం నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా కుశలం. తమరి ట్రయల్ పీరియడ్ కూడా కుశలమేనని తలుస్తాం. ప్రతి స్లైడు మీదా అడ్డంగా పరుచుకున్న వాటర్‌మార్కు పుణ్యమా అని రోజూ తమర్ని తలుచుకుంటూనే ఉన్నాం.

తమరి డెమో అమోఘం. మా పాత పీపీటీని మింగి, టీ చల్లారేలోపు కోర్సు చేసి చూపించారు. నీలం సూటు అమ్మాయి చెయ్యి చాపి స్వాగతం పలికితే హెచ్‌ఆర్ మేడమ్ మురిసిపోయారు. ఐటీ ఆయన, కోర్సుకీ దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌కీ మాట కలిపే ప్రమాణాల పేర్లు చదువుతూ, స్కార్మ్ 1.2 ఉందా, 2004 ఉందా, ఎక్స్‌ఏపీఐ ఉందా అని వరసగా అడిగాడు. ఉంది, ఉంది, ఉంది. పర్చేజ్ ఆయన డిస్కౌంట్ ఉందా అన్నాడు. అది మాత్రం పైవాళ్లను అడిగి చెబుతామన్నారు. ఎక్సెల్ షీటు నిండా టిక్కులే. ఆ షీటులో టెంప్లేట్లకో కాలమ్, బొమ్మలకో కాలమ్, ఏఐ గొంతుకో కాలమ్ ఉన్నాయి. కోర్సు చదవాల్సిన మనిషికి మాత్రం కాలమ్ దొరకలేదు.

ఆ మనిషి మా సాల్వెంట్ యార్డులో ఉంటాడు. టోలూయిన్ అనే ద్రావకపు డ్రమ్ములు వంపడం ఆయన పని. అది 4 డిగ్రీల దగ్గరే అంటుకునేంత ఆవిరి వదిలే సరుకు. వంపేటప్పుడు పుట్టే స్టాటిక్ కరెంటు నిప్పురవ్వగా మారకుండా డ్రమ్ముకి ఎర్తింగ్ క్లిప్పు పెట్టాలి. దాని మీదే తమరితో కోర్సు చేయించాం. ఎడిటర్‌లో తెలుగు ముత్యాల్లా ఉంది. పబ్లిష్ చేసి ట్యాబ్‌లో తెరిస్తే ఒత్తులు కిందికి దిగనని మొరాయించాయి. ఎర్రటి హెచ్చరిక బోర్డు మీద ‘జాగ్‌రత్‌త’ అని తేలింది. తమరి ఏఐ గొంతేమో ఎస్‌ఓపీని (పని ఏ వరసలో చెయ్యాలో రాసిపెట్టిన కాగితం) ‘సోప్’ అని చదివి, సోప్ ప్రకారం నడుచుకోమని అందరికీ హితవు చెప్పింది. సబ్బు మీద నడిస్తే ఏమవుతుందో మావాళ్లకు వేరే ట్రైనింగ్ అక్కర్లేదు లెండి.

తర్వాత డ్రాగ్ అండ్ డ్రాప్. వేలితో క్లిప్పుని లాగి డ్రమ్ము అంచున వదలగానే గంట మోగింది, రంగుకాగితాలు రాలాయి, ‘శభాష్’ అని వచ్చింది. యార్డులో పెద్దాయన ఒకరు ట్యాబ్‌ని అటూఇటూ తిప్పి చూసి అన్నాడు: “పెయింటు మీద పెడితే పట్టదు కదా సార్. గీకి, ఇనుము తేలాక పెట్టాలి. ఈ బొమ్మలో గీకేదెక్కడ?”

తమరి దగ్గర గీకే బటన్ లేదు. ఆయన ప్రశ్నకు మార్కులేసే ఆప్షనూ లేదు. ఆయన పేరు పక్కన ‘కంప్లీటెడ్’ మాత్రం పచ్చగా వెలిగింది. ఆఖరి స్లైడు తెరుచుకుంటే చాలని సెట్టింగు మరి. ఆడియో అయ్యేదాకా ‘నెక్స్ట్’ బటన్ బూడిదరంగులో బిగదీసుకుని కూర్చునేలా కూడా పెట్టాం. అది తేరుకునేలోపు మావాళ్లు బీడీ కాల్చొస్తున్నారు (గేటు బయటే, కంగారుపడకండి).

పాత సంగతొకటి మనవి. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్ అనే పాత యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌కి నూకలు చెల్లినప్పుడు దానితో చేసిన కోర్సులూ కాటికి పోయాయి. స్కార్మ్ 1.2 మాత్రం 2001లో పుట్టి ఇప్పటికీ గట్టిగానే ఉంది. కోర్సులు నడిపి, ఎవరు పూర్తిచేశారో రాసుకునే మా ఎల్‌ఎమ్‌ఎస్‌కి అదొక్కటే అర్థమవుతుంది. మనిషి ఎక్కడ ఆపాడో, ఏ జవాబు నొక్కాడో రాసుకోవడానికి అది ఇచ్చే జాగా 4096 అక్షరాలు. కొమ్మలూ రెమ్మలూ ఎక్కువైన కోర్సులో ఆ జాగా చాలక, షిఫ్ట్ సైరన్ మోగి సగంలో లేచినవాడికి, మర్నాడు మళ్లీ నీలం సూటు అమ్మాయే స్వాగతం చెబుతోంది. తమరి డెమో కోర్సులో స్లైడులు ఆరే కాబట్టి ఈ ముచ్చట అక్కడ బయటపడలేదు.

కొనే ముందు మాదొక చిన్న విన్నపం. రెండో డెమోకి కాన్ఫరెన్స్ హాలూ ప్రొజెక్టరూ బిస్కెట్లూ వద్దు. తమరి సేల్స్ అబ్బాయిని మధ్యాహ్నం రెండింటికి, బీ షిఫ్ట్ ఎక్కే వేళకి, సాల్వెంట్ యార్డుకి పంపండి. సేఫ్టీ షూస్ మేమే ఇస్తాం. ఫోన్ గేటు దగ్గరే ఇచ్చెయ్యాలి. పెద్దాయన డ్యూటీలోనే ఉంటాడు, అడగాల్సినవి ఆయనే అడుగుతాడు.

ఇట్లు,
తమ విధేయులు,
ట్రైనింగ్ విభాగం
(పర్చేజ్ ఆర్డర్ ఇంకా సంతకానికి వెళ్లలేదు)