బడి కమిటీకి నిలబడేవాళ్లు ఏం చేస్తారో చెప్పొద్దా?

చేతులెత్తమంటారు. వరండాలో నిలబడ్డ పాతిక ముప్పై మంది అమ్మానాన్నలు పక్కవాళ్ల వంక ఓసారి చూసి చేతులెత్తుతారు. హెడ్మాస్టరు లెక్కపెట్టి పేర్లు రాసుకుంటారు. తరగతికి ముగ్గురు చొప్పున సభ్యులు, వాళ్లలోంచి ఒక చైర్మన్, ఒక వైస్ చైర్మన్. ఆ రోజే ప్రమాణ స్వీకారం కూడా అయిపోతుంది. 2024 ఆగస్టు 8న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పాఠశాల యాజమాన్య కమిటీల ఎన్నికలు చాలాచోట్ల ఇలాగే జరిగాయి. పార్టీలకు సంబంధం లేని ఎన్నికలే అయినా కొన్ని ఊళ్లలో పార్టీల గొడవలకు లోటు రాలేదు. లోటల్లా ఒక్కటే. ‘నన్ను ఎన్నుకుంటే ఈ బడికి ఫలానా పని చేస్తాను’ అని చెప్పిన అభ్యర్థులు అరుదు. చెప్పమని అడిగినవాళ్లు ఇంకా అరుదు.

కమిటీ గడువు రెండేళ్లు. లెక్క ప్రకారం 2026 ఆగస్టుకు మళ్లీ ఎన్నికలు రావాలి. నోటిఫికేషన్ వచ్చాక అంతా వారం రోజుల హడావిడి కాబట్టి ఈ మాట ముందే అనుకోవడం మంచిది.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లను అడిగితే అక్కడి స్కూల్ బోర్డు ఎన్నికల సంగతి చెబుతారు. అభ్యర్థుల పేర్లు రాసిన అట్టలు ఇళ్ల ముందు గడ్డిలో వెలుస్తాయి. టీచర్ల జీతాలకు ఎంత, కొత్త భవనాలకు ఎంత, ఏ ప్రోగ్రాం ఉంచాలి, ఏది తీసేయాలి అని అభ్యర్థులు తమ ప్రాధాన్యాలు చెప్పుకుంటారు, జనం నిలదీస్తారు. అక్కడి బోర్డు చేతిలో బడ్జెట్ ఉంటుంది, బడులన్నిటినీ నడిపే సూపరింటెండెంటును పెట్టుకునే అధికారం ఉంటుంది. మన కమిటీకి అంత లేదు. టీచర్ను వేసేదీ ప్రభుత్వమే, బదిలీ చేసేదీ ప్రభుత్వమే. అంతమాత్రాన కమిటీ చేతిలో ఏమీ లేదనుకుంటే పొరపాటు.

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ఈ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలంది, మొత్తంలో సగం మంది మహిళలు కావాలంది. ఇది చాలామందికి తెలుసు. దాని పక్కనే ఉన్న 22వ సెక్షన్‌ను పట్టించుకునేవాళ్లు తక్కువ. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది కమిటీయేనని, ప్రభుత్వం ఇచ్చే గ్రాంటుకు ఆ ప్రణాళికే ఆధారమని అందులో ఉంది. ఏ తరగతిలో ఎంతమంది పిల్లలు ఉండబోతున్నారు, ఇంకా ఎందరు టీచర్లు కావాలి, ఏ గది కట్టాలి, డబ్బు ఎంత కావాలి అన్నవి మూడేళ్లకు లెక్కగట్టి, చైర్మన్ సంతకంతో ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా పంపాలని కేంద్రం నియమాలు చెబుతున్నాయి. అంటే అభ్యర్థి మ్యానిఫెస్టోలో ఏమేం ఉండాలో చట్టమే రాసిపెట్టింది. జరిగేది వేరు. మండల ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిన సాయంత్రం ఆ కాగితం హెడ్మాస్టరు గదిలో తయారవుతుంది. సంతకం కోసం మినిట్స్ బుక్ చైర్మన్ ఇంటికి వెళుతుంది. ఆమె పొలం నుంచి ఇంకా రాలేదంటే భర్త పెట్టేస్తాడు.

ఇక మేమైతే అభ్యర్థిని ఏం అడుగుతాం? ముందు అన్నం సంగతి. ప్రాథమిక బడిలో పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, ప్రాథమికోన్నత తరగతుల్లో 150 గ్రాములు. వడ్డించే ముందు పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు రుచి చూడాలి, వాళ్లలో ఒక్కరైనా టీచరు ఉండాలి. ఇది మధ్యాహ్న భోజన మార్గదర్శకాల్లోనే ఉంది. మిగతావాళ్లు తల్లులు ఎందుకు కాకూడదు? వారానికి రెండు రోజులు వంతులేసుకుని వచ్చి ముద్ద నోట్లో పెట్టుకుంటే చాలు. పప్పు నీళ్లలా ఉందో లేదో, గుడ్డు ఏ సైజులో ఉందో, వంటామెకు బిల్లు ఎన్ని నెలలుగా రాలేదో ఆ పూటే తెలిసిపోతుంది. దీనికి ఏ జీవో అక్కర్లేదు.

తర్వాత డబ్బు. కేంద్ర విద్యా పథకం సమగ్ర శిక్ష కింద బడికి ఏటా ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది వరకు 10,000 రూపాయలు, వంద మంది వరకు 25,000, 250 వరకు 50,000. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, ఊడిపోయిన కుళాయి అన్నీ ఇందులోంచే. పదో వంతైనా పారిశుద్ధ్యానికి పెట్టాలి. ఇది కాక, పిల్లల్ని బడికి పంపే తల్లులకు రాష్ట్రం డబ్బిచ్చే తల్లికి వందనం పథకం కింద బిడ్డకు 15,000 అని లెక్కగట్టి, 13,000 తల్లి ఖాతాలో వేసి, 2,000 బడుల నిర్వహణకు మళ్లిస్తున్నారు. అంతకుముందు ఇలాంటి పథకమే అయిన అమ్మ ఒడి రోజుల్లోనూ ఈ కోత ఉంది. ప్రభుత్వం మారినా కోత మారలేదు. తన వాటా నుంచి పోయిన రెండు వేలతో తన కూతురు బడిలో మరుగుదొడ్డికి గడియ బిగించారా అని ఏ తల్లయినా అడగొచ్చు. గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి పోయింది అని మూడు నెలలకోసారి నోటీసు బోర్డు మీద రాయిస్తానని మాటిచ్చే అభ్యర్థి దొరికితే ఇంకేం కావాలి!

తల్లిదండ్రులకు ఇవన్నీ చేతకావు అనే వాదన మాకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులను బాగుచేయడానికి 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు పథకం మొదటి విడతలో 15 వేలకు పైగా బడుల పనులు తల్లిదండ్రుల కమిటీల పేరుమీదే నడిచాయి. ఆ పథకంలో లోపాలున్నాయి, రెండో విడతలో పనులు సగంలో ఆగిన బడులూ ఉన్నాయి. కానీ సిమెంటు బస్తాలు లెక్కపెట్టి దించుకోవడం తల్లులకు చేతకాక మాత్రం కాదు. తెలంగాణలో ఇంకో చిక్కు. 2024 జనవరిలో యాజమాన్య కమిటీలకు ఎన్నికలు పెట్టారు. కొద్ది నెలలకే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసి, మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలిని చైర్‌పర్సన్‌ను చేసి మరమ్మతులు వాటికి అప్పజెప్పారు. మహిళా సంఘాలకు పని ఇవ్వడం మంచిదే. కానీ ఎన్నికైన తల్లి ఒక కమిటీలో, డబ్బు మరో కమిటీలో ఉంటే ఆమె ఎవరిని అడగాలి?

చదువు సంగతి అభ్యర్థిని అడగకుండా వదిలేద్దామా అంటే అదీ కుదరదు. ఐదో తరగతి పిల్లాడి చేతికి రెండో తరగతి తెలుగు వాచకం ఇచ్చి ఒక పేజీ చదివించమనండి. చదువు రాని తల్లికైనా తడబాటు చెవికి తెలుస్తుంది.

అసలు ఇబ్బంది వేరే ఉంది. ఊళ్లో మాట చెల్లేవాళ్ల పిల్లలు పొద్దున్నే ప్రైవేటు స్కూలు బస్సెక్కి పోతున్నారు. ప్రభుత్వ బడి కమిటీకి మిగిలేది ఎక్కువగా కూలికి వెళ్లే తల్లిదండ్రులు. 2024లో పోలింగ్ పెట్టింది గురువారం. ఓటేయాలంటే ఆ పూట కూలి వదులుకోవాలి. సగం మంది తల్లిదండ్రులైనా రాకపోతే కోరం లేదంటారు, వచ్చినవాళ్లేమో త్వరగా తేల్చి పంపమంటారు. అందుకే పాఠశాల విద్యాశాఖను మేం అడిగేది రెండే. ఈసారి పోలింగ్ ఆదివారం పెట్టండి. చేతులెత్తమనే ముందు ప్రతి అభ్యర్థికీ ఐదు నిమిషాలు ఇచ్చి, బడికి ముందుగా ఏం కావాలో తల్లిదండ్రుల ముందు చెప్పించి, ఆ మాటలు మినిట్స్ బుక్‌లో మొదటి పేజీ మీద రాయించండి.