రేటింగ్ ఇచ్చాక సినిమా చూడొచ్చు

సినిమా చూసిన తర్వాతే రేటింగ్ ఇవ్వాలనే పాతకాలపు పట్టింపు మనలో కొందరికి ఇంకా పోలేదు. ఇది విచారించదగ్గ విషయం. చూసినవాడికి నిష్పక్షపాతం ఎక్కడుంటుంది? రెండున్నర గంటలు ఏసీలో కూర్చుని, పాప్‌కార్న్ తిని, ఒకచోట నవ్వి, ఇంకోచోట ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకుని బయటికొచ్చినవాడు అప్పటికే సినిమా ప్రభావంలో పడిపోయి ఉంటాడు. అసలైన అభిమాని అలా కాదు. హీరో ఎవరు, దర్శకుడి గత సినిమా ఏమైంది, తెలంగాణలో ఆడించుకునే నైజాం హక్కులు ఎంతకు పోయాయి అనేవి విచారించుకుని, ముహూర్తం కొబ్బరికాయ కొట్టిన రోజే ఒక నిర్ణయానికొస్తాడు. ఆ తర్వాత వాళ్లు ఎంత బాగా తీసినా, ఎంత ఘోరంగా తీసినా ఆ నిర్ణయం మారదు. ఇంత నిలకడ ఈ రోజుల్లో ఏ ఎమ్మెల్యే దగ్గరా చూడం.

రేటింగ్ ఐదుకి అని పేరే గానీ, ఐదును ఎవరూ కళ్లారా చూడలేదు. ఒకటి కూడా అరుదే. తెలుగు సినిమా మొత్తం రెండుంబావుకీ మూడున్నరకీ మధ్య ఇరుకు గదిలో కాపురం చేస్తోంది. రెండున్నర అంటే పోయింది. మూడు అంటే బతికింది. రెండుముప్పావు అంటే పోయిందని చెప్పడానికి రాసినాయనకు మొహమాటం అడ్డొచ్చింది. ఆ పావు కోసం జరిగే కొట్లాటల ముందు పొలం గట్టు తగాదాలు ఏపాటి? మూడు దాటినవే పోస్టర్ మీదికి ఎక్కుతాయి కాబట్టి రెండోరోజు పేపర్లో పేజీ నిండా 3.25లు, 3.5లు పరుచుకుని ఉంటాయి. కింద ఇచ్చినవాళ్ల పేర్లు భూతద్దం పెట్టినా కనపడవు. కనపడితే వాళ్లెవరో తెలియదు.

సమీక్షల్లో మాటలు కూడా ఇలాగే స్థిరపడిపోయాయి. ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్‌లో కాస్త ల్యాగ్, ఎడిటర్ కత్తెరకు ఇంకొంచెం పదును పెట్టాల్సింది, నిర్మాణ విలువలు బాగున్నాయి, బీ, సీ సెంటర్ల ప్రేక్షకులను ఆకట్టుకునే అవకాశం ఉంది. ఈ బీ, సీ సెంటర్ల, అంటే చిన్న పట్టణాల, పల్లెల ప్రేక్షకుడిని సమీక్షకులెవరూ కలిసినట్టు లేదు. కలిసుంటే నాకు తెలిసేది, ఎందుకంటే నేను పుట్టి పెరిగింది సీ సెంటర్లోనే. నాకు నచ్చే అవకాశం ఉందని వాళ్లు రాసిన సినిమాలు నాకే కాదు, మా ఊళ్లో ఎవరికీ నచ్చలేదు. అయినా మేమేమీ అనుకోలేదు. మా మీద ఎవరో ఒకరు ఆశ పెట్టుకున్నారు, అది చాలు.

ఇక ఆ సమీక్ష మెచ్చుకుంటే నిజాయితీ గలది, తిడితే డబ్బులు తీసుకుని రాసింది. ఈ సూత్రం మా హీరోకి. పక్క హీరోకి ఇదే సూత్రాన్ని తిరగేసి వాడుకోవాలి. ఇంత సులువైన లెక్క ఉండగా విమర్శ ఎలా రాయాలో యూనివర్సిటీల్లో పాఠాలెందుకు చెబుతారో నాకర్థం కాదు.

చూడాల్సిన అవసరమే లేనంత వేగంగా ఈ పని ఎలా జరుగుతుందో గురువారం రాత్రి గమనించండి. డల్లాస్‌లో మధ్యాహ్నం ప్రీమియర్ పడేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది. అక్కడ మనవాడు ముప్పై డాలర్లు పెట్టి టికెట్ కొనుక్కుని, ఆఫీసుకు ఒంట్లో బాలేదని మెయిల్ పెట్టి హాల్లో కూర్చుంటాడు. టైటిల్స్ పడేలోపు 'టైటిల్స్ అదిరాయి' అని ఫోన్లో కొడతాడు. హీరో ఎంట్రీకి తలెత్తుతాడు, వీడియో తీయాలి కాబట్టి. మళ్లీ తలవంచి 'ఎలివేషన్ పీక్స్' అంటాడు. ఇంటర్వెల్ కార్డు పడగానే 'బ్యాంగ్'. ఇక్కడ తణుకులోనో, సిద్దిపేటలోనో దుప్పటి కప్పుకుని ఫోన్ పట్టుకున్న కుర్రాడికి తెల్లవారేసరికి కథ, క్లైమాక్స్, తీర్పు మూడూ చేరిపోతాయి. పొద్దున మొదటి షోకి వాడు వెళ్లేది సినిమా చూడటానికి కాదు, డల్లాస్ వాడు చెప్పింది ఖాయం చేసుకోవడానికి. ఒక తెలుగు సినిమా అమెరికాలో మొదటిసారి మిలియన్ డాలర్లు దాటింది 2011లో. అప్పట్లో దాన్ని పండగలా చేసుకున్నాం. ఇప్పుడు ప్రీమియర్లకే మిలియన్ రాకపోతే మా హీరో ఫ్యాన్స్ రెండ్రోజులు బయట తిరగరు.

కానీ రేటింగ్ అనేది చిన్నపిల్లల ఆట. పెద్దవాళ్లు చూసేది షేర్, అంటే పన్నూ థియేటర్ అద్దే పోగా డిస్ట్రిబ్యూటర్ చేతికొచ్చేది. భీమవరంలో ఒక టీ కొట్టు దగ్గర విన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"నెల్లూరు ఎంత మావా?"

"కోటీ పది."

"హైర్లతో కలిపా?"

"హైర్లు తీసేస్తే ఎనభై రెండు."

"మరి పోస్టర్ మీద కోటిన్నర అన్నారు?"

"అది గ్రాస్ రా. నీకెన్నిసార్లు చెప్పాలి?"

టీ గ్లాసు కడుగుతున్న పెద్దాయన మధ్యలో ఆగి, "సినిమా బాగుందా బాబూ?" అని అడిగాడు. ఇద్దరూ ఆయన వైపు జాలిగా చూశారు. ఒకడు మర్యాదస్తుడిలా ఉన్నాడు, "బ్రేక్ ఈవెన్‌కి ఇంకా పదకొండు రావాలి బాబాయ్" అని ఓపిగ్గా చెప్పాడు. పెద్దాయన అంతా అర్థమైనట్టే తలూపి మళ్లీ గ్లాసులు కడుక్కున్నాడు.

టికెట్ల మీద వసూలైన మొత్తం గ్రాస్ అనీ, అందులోంచి జీఎస్టీ తీసేస్తే నెట్ అనీ, నెట్‌లోంచి థియేటర్ అద్దె పోతే షేర్ అనీ, సినిమా ఆడించుకోవడానికి థియేటర్ వాళ్లు ముందే మాట్లాడుకుని కట్టే మొత్తం హైర్ అనీ, అడ్వాన్సుకీ, తిరిగివ్వని అడ్వాన్సైన ఎన్ఆర్ఏకీ తేడా ఏమిటో కూడా ఈ కుర్రాళ్లకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. వంద రూపాయల్లోపు టికెట్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 12 శాతం నుంచి 5కి తగ్గిందని ప్రభుత్వం కంటే ముందు వాళ్లే మాకు చెప్పారు. వీళ్లలో ఒకడు బీకాంలో అకౌంట్స్ రెండుసార్లు తప్పాడు. తప్పు వాడిది కాదు, సిలబస్‌ది. ఆ ప్రశ్నపత్రంలో ఉత్తరాంధ్ర షేర్ అడిగి ఉంటే వాడు యూనివర్సిటీ ఫస్టు వచ్చేవాడు. ఇంట్లో నాన్నకు జీతం ఎంతొస్తుందో, చెల్లి ఫీజు ఎన్నో వాయిదా మీద ఆగిందో వాడికి తెలియదు. తెలుసుకుని ఏం చేస్తాడు? ఆ అంకెల మీద ఎవరితో గొడవ పడగలడు?

ఈ లెక్కల భౌగోళికం ఇంకా గొప్పది. 1800లో హైదరాబాదు నిజాం బ్రిటిష్ వాళ్లకు వదులుకున్న జిల్లాలు మా ట్రేడ్‌లో ఇప్పటికీ సీడెడ్. 1948లో నిజాం పాలన పోయింది, ఏరియా పోలేదు. 1956లో రాష్ట్రం కలిసింది, 2014లో విడిపోయింది, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు మాత్రం చెక్కు చెదరలేదు. ముఖ్యమంత్రులు మారినా, రాజధాని గురించి కోర్టులు ఏమన్నా, గుంటూరు షేర్ గుంటూరు షేరే. ఇంత పక్కా సరిహద్దులు గల పరిపాలన మనకు ఇంకొకటి లేదు. నన్నడిగితే రెవెన్యూ శాఖను కూడా డిస్ట్రిబ్యూటర్లకు అప్పగిస్తే పోతుంది.

పాతతరం వాళ్లను తక్కువ చేయలేను. వాళ్ల కాలంలో కోట్ల గోల లేదు, రోజుల గోల. మా మేనమామకు తన పెళ్లిరోజు గుర్తుండదు గానీ, ఆయన హీరో సినిమా ఏయే సెంటర్లలో వంద రోజులు ఆడిందో, అందులో ఒకే హాల్లో ఆడిన డైరెక్ట్ ఎన్ని, హాలు మార్చి ఆడించిన షిఫ్టింగ్ ఎన్ని అనేది ఇప్పటికీ గడగడా చెబుతాడు. వందో రోజున హాల్లో ప్రేక్షకులెందరున్నారని మాత్రం అడగకూడదు. నేను ఒకసారి అడిగాను, అత్తయ్య వంటింట్లోంచి వచ్చి "మీ మామయ్య ఒక్కడే" అంది. ఆ షో టికెట్లు కొని ఊళ్లో వాళ్లకు ఊరికే పంచింది కూడా ఆయనేనట. ఇప్పుడు సినిమా రెండు వారాలు ఆడితే గొప్ప, నెల తిరిగేసరికి ఓటీటీలో ఉంటుంది. అందుకే అభిమానం అంతా మొదటి మూడు రోజుల్లోనే ఖర్చు పెట్టేయాల్సి వస్తోంది. సోమవారం పొద్దున్నకు వసూళ్ల డ్రాప్ ఎంత శాతం అన్నదే మిగులుతుంది.

అభిమానులు పుస్తకాలు చదవరని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టికెట్ ధరల మీద జీవో 35 ఇచ్చినప్పుడు, పంచాయతీల్లోని నాన్ ఏసీ హాల్లో కింది తరగతి టికెట్ 5 రూపాయలు అన్న ముక్కను అభిమానులు సీఏలకంటే శ్రద్ధగా చదివారు. 2022 మార్చిలో ధరలు మార్చిన జీవోను కూడా అంతే శ్రద్ధగా చదివారు. మన రాష్ట్రాల్లో ఉద్యోగ సంఘాల నాయకులు కాకుండా జీవోలు చదివే జాతి ఇదొక్కటే. అలాగే 2025 ఆగస్టులో వేతనాలు 30 శాతం పెంచాలని సినీ కార్మికులు పని ఆపేసి షూటింగులు నిలిచిపోయినప్పుడు కూడా అభిమానులు తల్లడిల్లిపోయారు. లైట్ బాయ్‌కి రోజుకెంతిస్తారో ఎవరూ విచారించలేదు గానీ, మా సినిమా దసరాకి వస్తుందా, పండగ సెలవులు పక్క హీరోకి పోతాయా అన్న టెన్షన్‌తో చాలామందికి అన్నం సయించలేదు. హీరో పారితోషికం ఎంతో మాత్రం అందరికీ తెలుసు. అది ఎంత పెరిగితే మనకంత గౌరవం.

2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో, సంధ్య థియేటర్ దగ్గర ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. కొడుకు ప్రాణాపాయంలో ఆసుపత్రి పాలయ్యాడు. తర్వాత రెండు వాదనలు నడిచాయి. ఒకటి తప్పెవరిదని, రెండోది తొలిరోజు గ్రాస్ ఎంతని. మొదటిది కోర్టుకెక్కింది. రెండోది రెండ్రోజుల్లో పోస్టర్‌కెక్కింది. ఇక్కడ నా వెటకారం పనిచేయడం లేదు, ముందుకు పోతాను.

అప్‌డేట్ల గురించి చెప్పకపోతే ఈ వ్యాసానికి నిండుతనం రాదు. సినిమా పేరు ఎప్పుడు చెబుతారో రేపు సాయంత్రం 4 గంటల 5 నిమిషాలకు చెబుతామని ఈరోజు ఒక పోస్టర్ వస్తుంది. ఆ పోస్టర్ కోసం నిన్నటి నుంచి ఎదురుచూశాం. తర్వాత ప్రీలుక్, ఫస్ట్‌లుక్, గ్లింప్స్, టీజర్, ట్రైలర్, అదీ చాలకపోతే రిలీజ్ ట్రైలర్. వీటి మధ్య నెల ఖాళీ వచ్చిందంటే నిర్మాణ సంస్థకు శాపనార్థాలు మొదలవుతాయి. అప్‌డేట్ ఇవ్వమని వేలమంది ఒకే గంటలో ఒకే మాట రాసి దేశమంతా ట్రెండ్ చేస్తారు. డీఎస్సీ నోటిఫికేషన్ గురించి మాత్రం వీళ్లలో ఎవరూ ఇంత గట్టిగా అడగరు. ప్రభుత్వం మీద నమ్మకం ఎక్కువ. ప్రీ రిలీజ్ ఈవెంట్‌లో హీరో మైకు పట్టుకుని, ఈసారి మీరందరూ కాలర్ ఎగరేసుకుని తిరుగుతారని మాటిస్తాడు, చివర్లో అందరూ జాగ్రత్తగా ఇళ్లకు వెళ్లండని మరీమరీ చెబుతాడు. ఆ రెండో మాట ఒక్కటే ఆ వేదిక మీద వినిపించే నిఖార్సయిన నిజం. చప్పట్లు మాత్రం మొదటిదానికే పడతాయి.

కాబట్టి అభిమానుల తరఫున ప్రభుత్వాలకు, పరిశ్రమ పెద్దలకు కొన్ని విన్నపాలు చేస్తున్నాను. ఇంత లెక్కలు వచ్చిన యువతను ఆడిట్ శాఖలో తీసుకోవాలి. హైర్లు దాచే డిస్ట్రిబ్యూటర్‌ను పట్టుకోగలిగినవాడికి పంచాయతీ నిధులు ఒక లెక్క కాదు. నెగెటివ్ రేటింగ్ ఇచ్చేవాడి ఆధార్ చూడాలి, పాజిటివ్ ఇచ్చేవాడి ఆధార్ అడగకూడదు. కుటుంబంతో వచ్చి, ఏ హీరో పక్షమూ కాకుండా, బాగుంటే నవ్వి బాగోకపోతే నిద్రపోయే జనాన్ని తొలిమూడు రోజులు హాళ్లలోకి రానివ్వకూడదు, వీళ్లవల్ల టాక్ పాడవుతోంది. మరొకటి ఎగ్జిబిటర్లకు. షో నడుస్తున్నంతసేపూ తెర మీద నుంచి విపరీతమైన వెలుతురు పడుతోంది, సౌండు కూడా ఎక్కువే. ఫోన్లో అంకెలు సరిగా కనపడటం లేదు, నెల్లూరు నుంచి కాల్ వస్తే వినపడటం లేదు. వచ్చే సంక్రాంతిలోపు ఈ ఇబ్బంది ఎలాగైనా తొలగించాలి.