డైక్లోఫెనాక్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ డైక్లోఫెనాక్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే చెయ్యి రావడం లేదు. మీరు కుశలమే. కుశలం లేనిది మా అమ్మ కిడ్నీలకు.

మిమ్మల్ని ఎంత నెత్తిన పెట్టుకున్నాం! పోపులడబ్బాలో జీలకర్ర పక్క గిన్నె మీదే. మందుల షాపులో మీ పేరు చెప్పే పని కూడా లేదు. "నొప్పుల బిళ్ళలు నాలుగియ్యి బాబూ" అంటే చాలు, కత్తెరతో టకటకా కత్తిరించి ఇస్తాడు. గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని మీ అట్ట మీద అచ్చు ఉంటుంది, నిజమే. ఆ అచ్చు ఇంగ్లీషులో ఉంటుంది. మిరప కోతకు వెళ్ళేముందు ఒకటి, వచ్చాక ఒకటి. అలా ఆరేళ్ళు.

మీ పనితనానికి వంక పెట్టలేం. నొప్పిని పెంచే ప్రోస్టాగ్లాండిన్లనే ఒంటి రసాయనాలను అణిచేస్తారు, మోకాలు హాయిగా వంగుతుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసేవీ అవేనన్న సంగతి మాత్రం పైకి చెప్పరు. మిట్టమధ్యాహ్నం చేలో చెమటలు కక్కుతూ, నీళ్ళు తాగడానికి కూడా గట్టు దాకా నడవలేని మనిషికి వాటితోనే పని. పైగా అమ్మకు బీపీ బిళ్ళ. చాలా బీపీ మందులకూ మీకూ పడదట. లివర్‌నూ వదల్లేదు, ఎంజైములు పెరిగాయని రిపోర్టు. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 3.2 అని తేలిన రోజు అమ్మ అంది కదా, "కిడ్నీ దగ్గర నొప్పే లేదు కదరా?"

రాబందులకూ ఇదే సేవ చేశారు. మీ ఇంజెక్షన్ పడి చచ్చిన గొడ్లను తిని, కిడ్నీలు పాడై లక్షల్లో రాలిపోయాయి. 2006లో పశువులకు మిమ్మల్ని నిషేధించారు. మనుషుల పేరుతో పెద్ద సీసాలు గొడ్లకే చేరుతున్నాయని, 2015లో సీసాను 3 మి.లీ.కు కుదించారు. పక్షి కోసం సీసా కుదించారండీ. మా వీధి షాపులో కత్తెర మాత్రం ఇంకా పదునుగానే ఉంది.

మానేయమన్నారు, మానేశాం. "మరి రేపు కోతకు మోకాలు ఎట్లా వంచేది?" అంటోంది అమ్మ. డాక్టరు దీనికి ఏమీ చెప్పలేదు. మీకేమైనా తెలిస్తే రాయగలరు.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు కొడుకు

తా.క.: మీ గిన్నెలో ఇప్పుడు మెంతులు పోశాం. పొద్దున్నే అమ్మ చెయ్యి ఇంకా అందులోకే వెళ్తోంది.