మోస్లేను గలిపోలీకి పంపిందెవరు?

పదో తరగతి పాఠంలో మోస్లే పేరు అలా వచ్చి ఇలా వెళ్లిపోతుంది. మూలకాలను పరమాణు భారాన్ని బట్టి కాకుండా పరమాణు సంఖ్యను బట్టి వరుసలో పెట్టాలని తేల్చిన శాస్త్రవేత్త అని రాస్తే మార్కులు పడతాయి. ఆ మనిషి 27 ఏళ్ల వయసులో, బ్రిటిష్ సైన్యపు రాయల్ ఇంజినీర్స్ దళంలో సెకండ్ లెఫ్టినెంటుగా ఉండగా, టర్కీలోని ఒక కొండవాలు మీద తూటా తగిలి చనిపోయాడన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

హెన్రీ మోస్లే 1887లో ఇంగ్లండులోని వేమత్‌లో పుట్టాడు. తండ్రి చాలెంజర్ నౌక మీద ప్రపంచమంతా తిరిగిన ప్రకృతి శాస్త్రవేత్త. కొడుక్కి నాలుగేళ్లు నిండకుండానే ఆయన పోయాడు. ఈటన్, ఆక్స్‌ఫర్డ్ చదువులు ముగించి మోస్లే 1910లో మాంచెస్టర్‌లో పరమాణు కేంద్రకం మీద పరిశోధించిన భౌతిక శాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్ దగ్గర చేరాడు.

ఆయన చేసిన అసలు పనికి పట్టిన కాలం 1913, 1914 సంవత్సరాల్లో కొన్ని నెలలే. ఒక్కో లోహాన్ని ఎలక్ట్రాన్లతో తాడించి, వెలువడిన ఎక్స్ కిరణాలను స్ఫటికం మీదికి పంపి, ఫొటో పలక మీద పడిన గీతలను కొలిచాడు. ఒక మూలకం నుంచి పక్క మూలకానికి వెళ్లేసరికి ఆ కిరణాల పౌనఃపున్యపు వర్గమూలం ప్రతిసారీ దాదాపు ఒకే మోతాదులో పెరుగుతోంది. అంటే పరమాణు సంఖ్య పట్టికలో వరుస కోసం వేసుకున్న అంకె మాత్రమే కాదని, కేంద్రకంలోని ఆవేశమే అదని తేలింది. కోబాల్ట్ పరమాణు భారం 58.93, నికెల్‌ది 58.69. భారాన్ని బట్టి చూస్తే నికెలే ముందుండాలి, గుణాలను బట్టి చూస్తే కోబాల్ట్ ముందుండాలి. రసాయన శాస్త్రవేత్తలను ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టిన ఈ చిక్కు కోబాల్ట్‌కు 27, నికెల్‌కు 28 అని కొలతే చెప్పడంతో విడిపోయింది. 43, 61, 72, 75 స్థానాలు ఖాళీగా ఉన్నాయని కూడా ఆ కొలతలే చూపాయి. 72 హాఫ్నియంగా 1923లో, 75 రీనియంగా 1925లో, 43 టెక్నీషియంగా 1937లో, 61 ప్రొమీథియంగా 1945లో దొరికాయి. ఆ నాలుగింటిలో ఒక్కటి కూడా ఆయన కళ్ల చూడలేదు.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేటప్పటికి మోస్లే బ్రిటిష్ అసోసియేషన్ అనే శాస్త్రవేత్తల సంఘం సమావేశాల కోసం ఆస్ట్రేలియా ప్రయాణంలో ఉన్నాడు. తిరిగొచ్చి తానే పట్టుబట్టి సైన్యంలో చేరాడు. అప్పట్లో సిగ్నల్ విభాగం ఇంజినీర్ల దళంలో భాగం. టెలిఫోన్ తీగలు వేయించడం, తెగితే అతికించడం, పై నుంచి వచ్చిన ఆదేశాలను కిందికి చేరవేయడం ఆ పని. 38వ బ్రిగేడ్ సిగ్నల్ ఆఫీసరుగా టర్కీలోని గలిపోలీ ద్వీపకల్పం చేరాడు. 1915 ఆగస్టు 10న తెల్లవారుతూనే టర్కీ సేనాని ముస్తఫా కెమాల్ దళాలు చునుక్ బైర్ శిఖరం మీది నుంచి విరుచుకుపడ్డాయి. ఆ వాలులోనే ఉన్న 38వ బ్రిగేడ్ అధిపతి బాల్డ్విన్ మరణించాడు. మోస్లే టెలిఫోన్‌లో ఆదేశం పంపుతుండగా తలకు తూటా తగిలింది. ఆయన పేరు ఇప్పుడు గలిపోలీలోనే ఉన్న హెలెస్ యుద్ధ స్మారకం మీద వేలాది పేర్ల మధ్య ఉంది.

అంత మేధావిని ముందు వరుసకు పంపడం దేశం చేసిన దుబారా అని రూథర్‌ఫర్డ్ అప్పుడే బాధపడ్డాడు. ఆ బాధ న్యాయమైనదే. కానీ మేధావి కాబట్టి బతకాల్సింది అనే వాదనతో నేను ఏకీభవించలేను. అదే ఆగస్టులో ఆ కొండల మీద న్యూజిలాండ్ కుర్రాళ్లు, గూర్ఖాలు, లాంకషైర్ కార్మికులు, అనటోలియా రైతుబిడ్డలు చనిపోయారు. వాళ్ల తల్లుల ఏడుపుకు విలువ తక్కువేమీ కాదు. మనం అడగాల్సింది వేరే ఉంది. ఈ మనిషికి ఏం తెలుసు, ఆ తెలివి యుద్ధంలో ఎక్కడ పనికొస్తుంది అని విచారించే వ్యవస్థ ఆ ప్రభుత్వానికి ఉందా?

దాదాపు లేదనే చెప్పాలి. 1913లో మోస్లేతో కలిసి పరిశోధనా పత్రం రాసిన చార్లెస్ గాల్టన్ డార్విన్ కూడా సైన్యంలో చేరాడు. ఎక్స్ కిరణాలనే పరిశోధించిన లారెన్స్ బ్రాగ్ అశ్వ ఫిరంగి దళంలో ఉండేవాడు. శత్రువు ఫిరంగి ఎక్కడుందో శబ్దాన్ని బట్టి పట్టే పని బ్రాగ్‌కు 1915లో అప్పగించారు. తర్వాత డార్విన్‌నూ అదే పనిలోకి తెచ్చారు. ఇద్దరూ బతికి బయటపడ్డారు, సైన్యానికీ మేలు జరిగింది. బ్రాగ్ తమ్ముడు రాబర్ట్ మాత్రం అదే ఏడు సెప్టెంబరులో గలిపోలీలోనే ప్రాణం వదిలాడు. జలాంతర్గాముల వంటి సమస్యల మీద శాస్త్రవేత్తల సలహా తీసుకునే మండలిని బ్రిటన్ 1915 జులైలో ఏర్పాటు చేసింది. రూథర్‌ఫర్డ్ అందులో పనిచేశాడు. సున్నితమైన ప్రయోగాలు చేయడంలో చెయ్యి తిరిగిన మోస్లేకు అక్కడ పని లేకపోయేదా? అప్పటికి ఆయన గలిపోలీ దారిలో ఉన్నాడు.

వెళ్తానన్నది మోస్లేయే, నిజమే. ఆ వయసువాళ్లు లక్షలాదిగా అదే మాట అన్నారు. వాళ్లలో ఎవరిని ఎక్కడ పెట్టాలో తేల్చడం యుద్ధశాఖ బాధ్యత. దానికి వాళ్లు ఖాళీ ఉన్న కొలువులే చూశారు తప్ప వచ్చినవాడి చేతిలోని విద్యను చూడలేదు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి బ్రిటన్ శాస్త్రవేత్తలు, ఇంజినీర్ల పేర్లతో కేంద్ర జాబితా ఒకటి సిద్ధం చేసుకుంది. ఎవరికి ఏం వచ్చో రాసిపెట్టుకున్న ఆ జాబితాకు కావలసింది కొందరు గుమస్తాలు, కొన్ని కార్డులు. 1914లో కూడా అవి రెండూ ఆ దేశంలో ఉన్నాయి.