రొయ్యల రేట్ల పేజీకి రియాక్ట్ ఎందుకు సామీ?

మూడు రోజులుగా కడుపు మండుతా ఉంది, ఇక్కడ కక్కేస్తున్నా. పొడుగ్గా ఉంటుంది, ఓపిక లేనోళ్లు ముందే తప్పుకోండి.

నెల్లూరు దగ్గర ముత్తుకూరు వైపు రొయ్యలు కొనే ఒకాయన ఉన్నారు. ఆయన వెబ్‌సైట్‌లో ఉండాల్సింది ఒకే పేజీ. ఈరోజు 30 కౌంట్ (కిలోకి 30 తూగే రొయ్యలు) ఎంత, 50 ఎంత, 100 ఎంత. చూసేది ఎవరు? గుంట గట్టు మీద ఎండలో నిలబడి, గ్లాసు పగిలిన ఫోన్లో, సిగ్నల్ కోసం చెయ్యి పైకెత్తే రైతులు. పన్నెండు వరసల ఆ టేబుల్‌ని పోయినేడు ఎవరో రియాక్ట్‌లో, అంటే పెద్ద పెద్ద యాప్‌లు కట్టే జావాస్క్రిప్ట్ సరంజామాతో, కట్టిచ్చారు. తెరిస్తే ముందు తెల్ల స్క్రీన్, తర్వాత గిరగిరా తిరిగే చక్రం, ఎప్పటికో రేటు. ఆయన నా దగ్గరికొచ్చి అన్న మాట: "అబ్బయ్యా, ఇది తెరుచుకునే లోపల రైతు నాకు ఫోన్ చేసి అడిగేస్తా ఉండాడు. ఇంక ఇదెందుకు నాకు?"

పేజీలో ఏముండాలో రాసే మామూలు హెచ్‌టీఎంఎల్, అది ఎట్టా కనపడాలో చెప్పే సీఎస్ఎస్, ఈ రెంటితోనే తిరగరాశా. ఒక సాయంత్రం పని. నా బాధ అది కాదు. పక్కన నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు కూర్చున్నాడు. నలభై ఐదు రోజుల కోర్సులో ఫుల్ స్టాక్ అయిపోయి వచ్చాడు. రియాక్ట్‌లోని హుక్స్ గురించి అడిగితే ఎక్కాల్లాగా అప్పజెప్తాడు. పేజీని అడ్డం నిలువు గళ్లుగా సర్దే సీఎస్ఎస్ గ్రిడ్ అంటే మాత్రం బిక్కమొహం. "సీఎస్ఎస్ మాకు రెండు రోజులే చెప్పారన్నా, మిగతాదంతా టెయిల్‌విండ్ చూసుకుంటుంది" అన్నాడు.

గ్రిడ్ 2017 మార్చిలో వచ్చింది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ, మూడింట్లోనూ ఒకే నెలలో. ఇంకా దాన్ని కొత్త విషయంలా చెప్పాల్సి రావడం ఏంది? ఇక టెయిల్‌విండ్, అంటే రెడీమేడ్ సీఎస్ఎస్ క్లాసుల మూట, దాని సంగతి. అందులో రాసే ప్రతి క్లాసూ ఏదో ఒక సీఎస్ఎస్ ప్రాపర్టీకి ముద్దుపేరే కదా. అసలు పేరు తెలియకుండా ముద్దుపేరుతో ఎంతకాలం లాక్కొస్తారు? 2025 జనవరిలో వచ్చిన దాని నాలుగో వెర్షన్‌లో సెట్టింగులు కూడా సీఎస్ఎస్ ఫైల్లోకే వచ్చేశాయి. వాళ్లే ఇటు వస్తుంటే మనం అటు పరిగెత్తుతున్నాం.

ఆ టేబుల్లో ఒక చిన్న కోరిక ఉంది. "కొనుగోలు లేదు" అని గుర్తు పెట్టిన వరస మొత్తం మసకబారాలి. కుర్రాడు వెంటనే జావాస్క్రిప్ట్ మొదలుపెట్టాడు. ఆపి, సీఎస్ఎస్‌లోనే ఉన్న హ్యాజ్ (:has) సెలెక్టర్ చూపించా. లోపల ఫలానాది ఉంటే బయట ఉన్నదాన్ని మార్చు, అంతే, ఒక్క లైను. పిల్లను బట్టి తల్లిని పట్టుకోవడం సీఎస్ఎస్‌లో కుదరదని మా తరానికి ఏళ్ల తరబడి చెప్పారు. 2022లో సఫారీ, క్రోమ్ చేసి చూపించాయి, 2023 డిసెంబర్‌లో ఫైర్‌ఫాక్స్ కూడా చేరింది. కంటైనర్ క్వెరీ కూడా అంతే. ఇంతకుముందు ఫోన్ స్క్రీన్ ఎంత వెడల్పని మాత్రమే అడగగలిగేవాళ్లం. ఇప్పుడు రేటు కార్డు తను కూర్చున్న పెట్టె ఎంతుందో చూసుకుని సర్దుకుంటుంది. నెస్టింగ్ (ఒక రూల్ లోపల ఇంకో రూల్ రాయడం) కోసమే సాస్ అనే అదనపు పనిముట్టు వాడేవాళ్లకు 2023 నుంచి ఆ అవసరం కూడా తీరింది.

ఇదంతా ఇంత తొందరగా ఎట్టా జరిగిందంటే, కొత్త సీఎస్ఎస్ అర్థంకాని పాత బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పీడ 2022 జూన్‌లో వదిలింది. అది ఒకటి. యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా కలిసి ఏటా ఇంటరాప్ పేరుతో ఒక జాబితా వేసుకుని, ఇవి అందరి బ్రౌజర్లలో ఒకేలా పనిచేయాలని దిగి చేస్తున్నారు. అది రెండోది. వ్యాపారంలో కొట్టుకునేవాళ్లే కలిసి పనిచేస్తుంటే, మన కోర్సుల సిలబస్ మాత్రం కదలదు.

రియాక్ట్ వద్దని నేను అనడం లేదు. పెద్ద డ్యాష్‌బోర్డు కడుతుంటే నేనూ వాడతా. కూరగాయలకు లారీ కట్టించుకోవద్దంటున్నా.

అసలు మంట ఇంకా చెప్పలేదు. తెలుగు. పాత పేజీలో పైన "కృష్ణపట్నం" అని పెద్దక్షరాల్లో ఉంది. ష కింద ణ వత్తు, ట కింద న వత్తు సగానికి తెగిపోయి ఉన్నాయి. ఎందుకంటే ఇంగ్లీషు డిజైన్లో ఉన్న లైన్-హైట్ (వరస ఎత్తు) అట్టాగే దించేశారు, పైగా ఓవర్‌ఫ్లో హిడెన్, అంటే పెట్టె దాటింది కనపడకుండా కోసెయ్యమని. ఇంగ్లీషు అక్షరానికి కింద చిన్న తోక చాలు. మనకు పైన గుడి, కింద వత్తు, రెంటికీ చోటు కావాలి. దీనికి మందు కొత్తది కూడా కాదు. భాషను బట్టి స్టైల్ మార్చే లాంగ్ సెలెక్టర్ 1998 నాటి సీఎస్ఎస్ 2లోనే ఉంది. తెలుగు అయితే లైన్-హైట్ 1.7 అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. అది పనిచేయాలంటే పేజీ తెలుగులో ఉందని బ్రౌజర్‌కి చెప్పాలి కదా? ఆ పేజీ మొదటి లైన్లో భాష ఇంగ్లీషు అని ఉంది! తెలుగు పేజీల్లో నేను తరచూ చూసే తప్పిదే. ఎవడో పెట్టిన టెంప్లేట్ నుంచి దించుకుని దాని వంక మళ్లీ చూడరు.

ఇంకో ఘోరం ఇటాలిక్. మన తెలుగు ఫాంట్లలో మామూలుగా ఇటాలిక్ ఉండదు. అడిగితే బ్రౌజరే నిలువు అక్షరాన్ని పట్టుకుని పక్కకి వంచేస్తుంది. గాలివానకు ఒరిగిన వరిచేనులా ఉంటుంది చూడ్డానికి. మండలి, రామభద్ర, ధూర్జటి లాంటి ఫాంట్లు గూగుల్ ఉచితంగా ఇస్తోంది. వాటికి కొంచెం గాలి ఆడే చోటివ్వండయ్యా.

కుర్రాడితో ఆ లైన్-హైట్ వాడి చేత్తోనే మార్పించా. వత్తులు పూర్తిగా బయటికి రాగానే "ఇంతేనా అన్నా?" అన్నాడు. ఇంతే.

కొత్త పేజీ పెట్టిన మర్నాడు పొద్దున్నే ఆరున్నరకి ఫోన్. మెచ్చుకుంటారేమో అని సంబరంగా ఎత్తా. "అబ్బయ్యా, 40 కౌంట్‌కి ఐదు రూపాయలు ఎక్కువ పడింది చూడు. రైతులు అప్పుడే చూసేసినారు, ఇప్పుడు నేనేం చెప్పేది?"