కోర్‌డంప్ ఫైలు గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ కోర్‌డంప్ ఫైలు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. నేను క్షేమం. నా లాప్‌టాప్‌లో వైఫై మాత్రం క్షేమంగా లేదు. ఆ గోడు చెప్పుకుందామనే ఈ ఉత్తరం.

వైఫై చిప్పు లాంటి పరికరం మెమొరీకి నకలు (దాన్నే డంప్ అంటారు) తీయించే ఫైలుగా, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌లో మీరు కొలువుదీరింది 2018లో. అంతకు నాలుగేళ్ల ముందే, 2014లో, డెవ్‌కోర్‌డంప్ అనే ఏర్పాటు వచ్చింది. చిప్పు లోపల నడిచే ప్రోగ్రామ్ (ఫర్మ్‌వేర్) కుప్పకూలితే, చిప్పును నడిపించే కెర్నెల్ ప్రోగ్రామ్ (డ్రైవర్) చిప్పు మెమొరీని ఉన్నదున్నట్టు తీసి ఒక ఫైల్లో పెడుతుంది. పోస్ట్‌మార్టం అన్నమాట. చిక్కేమిటంటే, ముందు చిప్పు పోయిందని తేలాలి.

నా చిప్పు పోదు. రాత్రి పదిన్నరకు అమ్మతో వీడియో కాల్. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి. తెర మీద అమ్మ మాత్రం పెరుగన్నం ముద్ద నోటి దాకా తెచ్చి అలాగే ఆగిపోయి ఉంటుంది. కాసేపటికి మామూలు ఫోన్ చేసి, "ఒరేయ్, మళ్లీ బొమ్మైపోయావు" అంటుంది. జరిగినవన్నీ కెర్నెల్ రాసుకునే చిట్టా (లాగ్) తెరిస్తే ఒక్క ఎర్ర అక్షరం కనపడదు. ఫర్మ్‌వేర్ లెక్కలో అంతా సలక్షణం. తేడా ఉందని తెలిసింది నాకూ అమ్మకే.

చిప్పు కూలకపోయినా, అడిగితే డంప్ ఇప్పించగలవారు తమరు. మీలో ఏం రాసినా సరే, ఒకటి రాసినా, సున్నా రాసినా, శ్రీరామ అని రాసినా, డ్రైవర్ డంప్ తీసే పనిలో పడుతుంది. అర్జీలో ఏముందో చదవకుండానే పని చేసిపెట్టే ఆఫీసు మా మండలంలో ఇంకోటి లేదు. కాకపోతే రాసే హక్కు రూట్‌కి, అంటే సర్వాధికారాలున్న ఖాతాకి, మాత్రమే. లాప్‌టాప్ ఆఫీసుది, రూట్ పాస్‌వర్డ్ ఐటీ డెస్క్‌ది, వైఫై ఆగేది మా ఇంట్లో. (మీ పిలుపుకు పలికే కోడ్, అదే కాల్‌బ్యాక్, లేని డ్రైవర్లైతే మీ బోర్డు కూడా తగిలించుకోవు. నాకు మీరు కనపడటమే భాగ్యం.)

కాపలా ఎందుకో తెలియక కాదు. డంప్‌లో నా వైఫై పేరుండొచ్చు, పక్కింటి రౌటర్ చిరునామా ఉండొచ్చు, దారిలో ఉన్న ప్యాకెట్ల ముక్కలుండొచ్చు. కొన్ని చిప్పులు డంప్ ఇచ్చాక రీసెట్ అయితే గానీ లేవవు. ప్రతి ప్రోగ్రామూ వచ్చి కెలికితే ఇక నెట్ నడిచినట్టే. భయం న్యాయమే. కానీ "డంప్ తీయాలా? ఇందులో మీ వివరాలుండొచ్చు" అని ఒక్క మాట అడిగే బటన్ మధ్యలో పెట్టడానికి ఎవరికీ తీరిక దొరకలేదా?

మీ వారసుల సంగతి ఇంకా వింత. మీలో రాస్తే డంప్ పుడుతుంది. పుట్టిన డంప్ తాలూకు డేటా ఫైల్లో ఏం రాసినా అది చస్తుంది. ఎవరూ ముట్టకపోయినా 5 నిమిషాలకు తనంతట తనే పోతుంది. ఆ లోపు అదే పరికరం నుంచి ఇంకో డంప్ వస్తే, పాతది ఇంకా కూర్చునుందని కొత్తదాన్ని గుమ్మంలోంచే పంపేస్తారు. మా తాలూకా ఆఫీసులో ఒక బల్ల, ఒక గుమాస్తా ఉండే రోజులు గుర్తొచ్చాయి.

చివరికి టికెట్ పెట్టాను. మూడో రోజు ఐటీ కుర్రాడు కనెక్టయ్యాడు. మీలో ఒకటి అని రాశాడు, డంప్‌ని కాపీ చేశాడు, చిప్పు కంపెనీకి పంపాడు. ఆ సమయంలో వైఫై కొత్త పెళ్లికొడుకులా బుద్ధిగా ఉంది. నాకైతే ఆ ఫైల్లో ఒక్క అక్షరం అర్థం కాలేదు, అది వాళ్ల భాష. వారం తర్వాత జవాబొచ్చింది: "డంప్‌లో లోపమేమీ కనపడలేదు. దయచేసి సమస్య వచ్చిన క్షణంలో తీసినది పంపగలరు."

ఆ క్షణం రాత్రి పదిన్నరకు వస్తుందండీ. ఐటీ డెస్క్ ఆరింటికే మూస్తారు.

ఇట్లు,
రాసే అనుమతి లేని
తమ విధేయుడు