తొడపాశానికి ప్రిస్క్రిప్షన్ అక్కర్లేదు

“ఇంత చిన్న పిల్లాడికి మందులేంటండీ!”

కొడుక్కి ఏడీహెచ్‌డీ, అంటే శ్రద్ధ నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం అనే ఇబ్బంది, ఉందని డాక్టరు తేల్చిన మర్నాటి నుంచి ప్రతి తల్లీ వినే మాట ఇది. అనేవాళ్లు మారుతుంటారు. అత్తగారు, ఆడపడుచు, లిఫ్టులో ఎదురైన మూడో అంతస్తు అంకుల్. చీటీ మీద ఉన్నదేమో మిథైల్‌ఫెనిడేట్ 5 మిల్లీగ్రాములు, పొద్దున టిఫినయ్యాక ఒకటి. దానికే అపార్టుమెంటు అంతా గుండెలు బాదుకుంటుంది.

ఇంత కరుణామయులం కదా, మన దగ్గర పిల్లలకు అసలు మందులే వాడరేమోనని బయటివాళ్లు పొరబడే ప్రమాదం ఉంది. ఆ అపోహ పోగొట్టడానికి, తరతరాలుగా ఇంటింటా వాడుకలో ఉన్న ఔషధాలను ఇక్కడ నమోదు చేస్తున్నాను.

తొడపాశం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తొడ లోపలి చర్మం చిటికెడు తీసుకుని పావు చుట్టు తిప్పవలెను. మోతాదు మించితే నిక్కరు అంచు కింద నీలం తేలుతుంది. వయసుతో నిమిత్తం లేదు, బరువు చూడనక్కర్లేదు, పరగడుపునైనా ఇవ్వొచ్చు, బంధువుల ముందైతే మరీ శ్రేష్ఠం. పని మొదలయ్యేది తక్షణం. పనిచేసేది పెద్దవాళ్లు గదిలోంచి బయటికి వెళ్లేదాకా. తర్వాత మళ్లీ డోసు.

గోడకుర్చీ. కుర్చీలో కుదురుగా కూర్చోలేడని ఫిర్యాదు వచ్చిన పిల్లాణ్ని, కుర్చీ తీసేసి కూర్చోబెట్టే చికిత్స. ఇందులోని శాస్త్రం ఇప్పటిదాకా ఎవరికీ అంతుపట్టలేదు.

తర్వాత సీసా మందులు. ‘ఏకాగ్రత, జ్ఞాపకశక్తి’ అని అట్ట మీద రాసుంటే చాలు, లోపలేముందో అడగం. వసపిట్టలా వాగుతున్నాడని మనవణ్ని తిట్టే నానమ్మే, మాటలు త్వరగా రావాలని వాడి నాలుక మీద వసకొమ్ము అరగదీసి రాసింది. ఆమెను మాత్రం ఎవరూ సైడ్ ఎఫెక్టుల గురించి నిలదీయరు. ఇక మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ అని ఒకటుంది. కళ్లకు గంతలు కట్టి పుస్తకం చదివిస్తారు. పిల్లాడు ముక్కు పక్కన సందులోంచి చూసి చదివేస్తాడు. క్లాసులో రెండు నిమిషాలు నిలవని వాడి శ్రద్ధ, ఆ సందు విషయంలో మాత్రం అమోఘం. ఫీజు కట్టిన తల్లిదండ్రులు చప్పట్లు కొడతారు.

ఇన్ని మందులు వాడాక ఇంట్లో మిగిలిపోయింది ఒక్కటే, పరీక్షించి చూసిన మందు. అదొక్కటీ వద్దు.

చట్టం వైపు నుంచి చూస్తే తమాషా ఇంకా ముదురుతుంది. మిథైల్‌ఫెనిడేట్ 1945 నాటి ఔషధ నియమాల్లో షెడ్యూల్ ఎక్స్ కింద ఉంది. అమ్మాలంటే షాపుకి విడిగా లైసెన్సు కావాలి. సరుకును ప్రత్యేకంగా ఒక సొరుగులో పెట్టి తాళం వేయాలి. ప్రిస్క్రిప్షన్ రెండు ప్రతులుండాలి, అందులో ఒకటి షాపువాడు రెండేళ్లు దాచాలి. ఈ తతంగం పడలేక చాలా ఊళ్లలో మందుల షాపులవాళ్లు దాని జోలికే పోరు. మరి బెత్తం సంగతి? బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. చట్టం ఒప్పుకున్న మందు తాళంలో ఉంది. చట్టం నిషేధించిన మందు టీచరు బల్ల మీద డస్టర్ పక్కన ఉంది.

సరే, అసలు నిర్ణయం ఎలా జరుగుతుందో చూద్దాం. ఆదివారం పదకొండింటికి నిపుణుల సంఘం కొలువుదీరుతుంది. అజెండా ఒకటే: చింటూ, మూడో తరగతి, టాబ్లెట్ వేయాలా వద్దా. హాజరైనవారు తాతయ్య, నానమ్మ, మేనత్త, ప్రత్యేక ఆహ్వానితులుగా మూడో అంతస్తు అంకుల్, ఫోన్ తెర మీద డల్లాస్ బాబాయి. చింటూ నాన్న కూడా వచ్చాడు గానీ బైకు తాళంచెవి కనబడక మాటిమాటికీ లేచి వెతుకుతున్నాడు. చింటూ అమ్మ వంటింట్లో టీ పెడుతోంది. డాక్టరుతో మాట్లాడింది ఆవిడొక్కతే కాబట్టి ఆవిడ అభిప్రాయం లెక్కలోకి రాదు.

ముందుగా నానమ్మ. “వాళ్ల నాన్న కూడా అచ్చం ఇంతే. మూడు బళ్లు మార్పించాం. పలకలు ఎన్ని పోగొట్టాడో లెక్కలేదు. ఇప్పుడు ఉద్యోగం చేసుకోవట్లేదూ?” సభ తలాడించింది. డాక్టరు అరగంట గుచ్చి గుచ్చి అడిగి రాబట్టాల్సిన కుటుంబ చరిత్రను ఆవిడ నాలుగు ముక్కల్లో చెప్పేసిందని ఎవరికీ తట్టలేదు. ఎత్తు ఎలా వంశంలో దిగుతుందో ఏడీహెచ్‌డీ కూడా దాదాపు అంత గట్టిగానూ దిగుతుంది. ఈలోగా తాళంచెవి దొరికింది. ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన.

తాతయ్య గొంతు సవరించుకున్నారు. “మా కాలంలో ఈ జబ్బులెక్కడివి?” ఉన్నాయి తాతగారూ. అలెగ్జాండర్ క్రిక్టన్ అనే స్కాట్లండ్ డాక్టరు 1798లోనే ఇలాంటి చెదిరే శ్రద్ధ గురించి రాశాడు. 1902లో జార్జ్ స్టిల్ లండన్‌లో ఇలాంటి పిల్లల మీద ఉపన్యాసాలే ఇచ్చాడు. మీ కాలంలో మీకు కనబడలేదంటే, వాళ్లు ఐదో తరగతిలోనే బడి మానేసి లారీ మీద క్లీనరుగా వెళ్లిపోయారు. మీరు బళ్లో ఉన్నారు, ఎలా కనబడతారు?

మేనత్త పంచదార మాన్పించమంది. పంచదార తింటే పిల్లలు రెచ్చిపోతారా అని చేసిన ప్రయోగాలన్నీ కలిపి లెక్కగట్టి, అలాంటిదేమీ లేదని 1995లోనే జామా అనే అమెరికా వైద్య పత్రికలో వేశారు. అయినా మాన్పించండి, పళ్లకు మంచిది.

అంకుల్ ఇదంతా ఓపిగ్గా విని, ఫోన్ తీసి, మెడలో స్టెతస్కోపు వేసుకున్నాయన వీడియో ఒకటి చూపించి బ్రహ్మాస్త్రం వదిలారు. “ఇవన్నీ ఈమధ్య కంపెనీలు పుట్టించిన మందులండీ. కనిపెట్టినవాడు తన ఇంట్లోవాళ్లకు వేస్తాడా?”

వేశాడు. 1944లో స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీ రసాయనవేత్త లియాండ్రో పనిజాన్ మిథైల్‌ఫెనిడేట్ తయారుచేశాడు. వాళ్లావిడ మార్గరీట్ అది వేసుకుని టెన్నిస్ ఆడేది. ముద్దుగా రీటా అని పిలిచేవాడు, అందుకే మందుకి రిటాలిన్ అని పేరు పెట్టాడు. అప్పటికి మనకు స్వాతంత్ర్యమే రాలేదు. అంకుల్‌గారికి జన్మ వచ్చిందో లేదో ఆయనే చెప్పాలి.

డల్లాస్ బాబాయిది వేరే రాగం. “ఇక్కడ ప్రతివాడికీ ఇచ్చేస్తార్రా. కావాలంటే వచ్చేటప్పుడు ఆడరాల్ తెస్తాను.” ప్రతివాడికీ ఏమీ ఇవ్వరు. 2022లో అమెరికా సర్వే ప్రకారం పిల్లల్లో 11.4 శాతానికి ఎప్పుడో ఒకప్పుడు ఏడీహెచ్‌డీ అని చెప్పారు. ఇప్పటికీ ఆ ఇబ్బంది ఉన్నవాళ్లలో మందు వాడేది సగం మంది పైచిలుకు. ఇక ఆడరాల్ అంటే అక్కడ ఏడీహెచ్‌డీకి వాడే యాంఫెటమిన్, బాబాయి సూట్‌కేసులో బాదంపప్పు పక్కన పెట్టి తేవాల్సిన సరుకు కాదు. మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కింద పట్టుకుంటే చింటూ చదువు కన్నా ముందు బాబాయి బెయిలు సంగతి చూసుకోవాల్సి వస్తుంది.

టీలు తాగాక సభ ఏకగ్రీవంగా తీర్మానించింది: మందు వద్దు, ఓ ఆర్నెల్లు చూద్దాం, ఈలోగా వాడికి కాస్త భయం పెట్టండి.

భయం పెట్టండి. ఈ మాట దగ్గర నాకు వెటకారం అడుగంటిపోతుంది. లక్షణాలు ఆర్నెల్లుగా ఉంటేనే గానీ డాక్టరు ఆ జబ్బు పేరు రాయడు. అంటే ఆ పిల్లాడు ఇప్పటికే ఆర్నెల్లు, నిజానికి మూడు నాలుగేళ్లు, తిట్లు తింటూ వచ్చాడు. మీరు చూద్దామంటున్న ఇంకో ఆర్నెల్లు మీవి కావు, వాడివి. రూలు తెలియక కాదయ్యా వాడు తప్పుచేసేది! అడిగితే రూలు మీకంటే బాగా చెబుతాడు. ఆ క్షణానికి ఆగడం వాడి చేతిలో ఉండదు. దానికి కొడతారా? కొడితే వాడు శ్రద్ధ నేర్చుకోడు. డైరీ చింపెయ్యడం, సంతకం ఫోర్జరీ చేయడం, అడిగినదానికల్లా అబద్ధం చెప్పడం నేర్చుకుంటాడు. పదేళ్లొచ్చేసరికి ‘పొగరు, బద్ధకం, ఎందుకూ పనికిరాడు’ అన్న మాటలు ఎన్ని వేలసార్లు వినుంటాడో, చివరికి అవే నిజమని నమ్ముతాడు. చికిత్స లేకుండా పెరిగిన ఇలాంటి పిల్లల్లో రోడ్డు ప్రమాదాలు ఎక్కువ, చదువు మానేయడం ఎక్కువ, తర్వాత తర్వాత కుంగుబాటూ మత్తు అలవాట్లూ ఎక్కువ. మందు వేస్తే వ్యసనపరుడవుతాడని భయపడి మీరు చేస్తున్న నిర్వాకం ఇది. డాక్టరు చెప్పినట్టు వాడిన మందు వల్ల పెద్దయ్యాక మత్తు అలవాట్లు పెరిగినట్టు అధ్యయనాల్లో తేలలేదు. ఆడపిల్లయితే ఈ సభ కూడా జరగదు. కిటికీలోంచి చూస్తూ, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, నిశ్శబ్దంగా ఫెయిలవుతుంది. “పెళ్లయితే అదే సర్దుకుంటుంది” అంటారు.

అలాగని టాబ్లెట్ చేతిలో పట్టుకుని వెంటపడేవాళ్లు పుణ్యాత్ములని కాదు. సెక్షన్‌కి అరవై మందిని కుక్కి, ఆటస్థలం ఉండాల్సిన చోట పార్కింగ్ కట్టి, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరుదాకా కూర్చోబెట్టి, “మీవాడు కదులుతున్నాడు, మందు వేయించండి, లేకపోతే టీసీ తీసుకోండి” అనే బళ్లున్నాయి. ఎనిమిదేళ్ల పిల్లాడు పదిగంటలు కదలకపోతే అప్పుడు కదా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సింది! క్లాసులో అందరికన్నా చిన్నవాళ్లకే ఈ జబ్బు పేరు ఎక్కువగా అంటగడుతున్నారని చాలా దేశాల్లో బయటపడింది. ఏడు నిమిషాల్లో తేల్చేసే డాక్టర్లూ, రంగురంగుల బ్రెయిన్ మ్యాప్ ప్రింటు తీసి డబ్బు గుంజే సెంటర్లూ ఉన్నాయి. దీన్ని నిర్ధారించే రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. డాక్టర్లు చూసే మానసిక రుగ్మతల పుస్తకం, 2013 నాటి డీఎస్‌ఎం-5 ప్రకారం శ్రద్ధ జాబితాలోనో, కుదురులేనితనం జాబితాలోనో తొమ్మిదికి కనీసం ఆరు లక్షణాలు, 12 ఏళ్ల లోపే మొదలై, రెండు చోట్ల కనబడాలి. ఒక్క బళ్లోనే కనబడితే ముందు ఆ బడిని పరీక్షించాలి. ఇంట్లోవాళ్లతో ఒక ఫారం, టీచరుతో ఒక ఫారం నింపించని డాక్టరు సగం పనే చేశాడు. చూపు, వినికిడి, నిద్రలో గురక, అక్షరాలు కూడబలుక్కోవడంలో కష్టం, క్షణకాలం చూపు నిలిచిపోయే ఫిట్స్, ఇవన్నీ చూశాకే మందు మాట.

ఆరేళ్ల లోపు పిల్లలకైతే ముందు తర్ఫీదు తల్లిదండ్రులకే అని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2019లో చెప్పింది. అంటే ఒకసారికి ఒకే పని చెప్పడం, కళ్లలోకి చూసి చెప్పడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం, పావుగంట హోంవర్కు తర్వాత లేచి తిరగనివ్వడం. వినడానికి ఎంత తేలికో చేయడానికి అంత కష్టం. అందుకే మనవాళ్లకు తొడపాశం నచ్చుతుంది. ఆరు దాటాక మందూ తర్ఫీదూ రెండూ. మందు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం వారం చూసుకుంటూ పెంచుతారు. రోజుకి 60 దాటకూడదు. మామూలు బిళ్ల మూడు నాలుగు గంటలు పనిచేస్తుంది, నెమ్మదిగా కరిగేది ఎనిమిది నుంచి పన్నెండు. ఆ నెమ్మది బిళ్లను నలిపి తేనెలో రంగరించి పెట్టే అమ్మమ్మలున్నారు. నలిపితే పగలంతా రావాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. మధ్యాహ్నం ఆకలి చస్తుంది, లంచ్ బాక్సు అలాగే తిరిగొస్తుంది, కాబట్టి బిళ్లకు ముందే గుడ్డో పెసరట్టో గట్టిగా పెట్టాలి, రాత్రి మళ్లీ ఆకలి లేచినప్పుడు ఇంకోసారి. సాయంత్రం ఆలస్యంగా వేస్తే నిద్ర పట్టదు. మందు ప్రభావం తగ్గే వేళకి చిరాకు పడతాడు. ఏళ్ల తరబడి వాడితే ఎత్తు ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గొచ్చు, అందుకే ఎత్తు, బరువు, బీపీ, నాడి రాసి పెట్టుకోవాలి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె ఆగిపోయి ఉంటే ముందే చెప్పాలి. పిల్లాడు బొమ్మలా కూర్చుండిపోతే మందు పనిచేస్తోందని సంబరపడకండి, డోసు ఎక్కువైంది, తగ్గించమనండి. మిథైల్‌ఫెనిడేట్ పడకపోతే ఆటమాక్సిటిన్ అని ఇంకో మందు ఉంది, బరువును బట్టి ఇస్తారు, గుణం కనబడడానికి వారాలు పడుతుంది, మొదట్లో మనసు దిగులుగా ఉందేమో గమనించాలి.

మందు మాయాజాలం కాదు. అమెరికాలో 579 మంది పిల్లల మీద 14 నెలలు చేసిన ఎంటీఏ అధ్యయనంలో, జాగ్రత్తగా డోసు సరిచూస్తూ మందిచ్చినవాళ్లలో లక్షణాలు మిగతావాళ్లకన్నా బాగా తగ్గాయని 1999లో తేలింది. మూడేళ్ల లెక్కలు 2007లో వచ్చేసరికి ఆ తేడా మిగల్లేదు. ఏడాదికోసారి ఇంకా అవసరమా అని తిరిగి చూసుకోవాలనేది అందుకే. ఏడాదికోసారి బెత్తం అవసరమా అని తిరిగి చూసుకున్న ఇల్లు ఉంటే చెప్పండి.

పట్నం దూరమైతే 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలీ మానస్ అంటారు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. అంకుల్ కూడా డబ్బులు తీసుకోరు, నిజమే. షాపుకి వెళ్లేటప్పుడు ప్రిస్క్రిప్షన్ రెండు ప్రతులు మర్చిపోకండి, బిళ్లలు అయిపోవడానికి వారం ముందే బయల్దేరండి, స్టాకు లేదంటే ఇంకో ఊరు పోవాల్సి ఉంటుంది. తెచ్చాక మీ బీరువాలోనే పెట్టుకోండి. పరీక్షల ముందు ఇంటర్ చదివే అన్నయ్య రెండు బిళ్లలు అడుగుతాడు, ఇవ్వకండి. లిఫ్టులో మూడో అంతస్తు అంకుల్ ఆ కవరులో ఏముందని అడిగితే బీకాంప్లెక్స్ అని చెప్పండి. ఆయన ఇరవై ఏళ్లుగా అది వేసుకుంటున్నారు, ఎవరు రాశారో ఆయనకే గుర్తులేదు.